ఇంజన్ పోయిన డీజిల్ జీపును అమ్మడం ఎలా

పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజన్ ఎక్కించిన బండ్లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. జీపులవాళ్లు హైబానెట్ అని పిలిచే సీజే 3బీ అసలు 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజన్‌తో వచ్చిన బండి. దాని పెట్రోలు ఖర్చు భరించలేక జనం ఆ ఇంజన్ దింపేసి ప్యుజో ఇంజనో, మటాడోర్ ఇంజనో, తర్వాతి రోజుల్లో మహీంద్రా డీఐ ఇంజనో ఎక్కించుకున్నారు. మారుతి జిప్సీని కంపెనీ ఏనాడూ డీజిల్‌లో అమ్మలేదు, అయినా డీజిల్ జిప్సీలు కనబడుతూనే ఉంటాయి.

అలాంటి బండి ఇంజన్ పోయి షెడ్డులో పడి ఉంటే ఇంట్లోవాళ్లు సాధారణంగా రెండే దారులు చెబుతారు: తూకానికి వేసెయ్యమని, లేదా లోపం బయటపడకుండా ఎవరికో అంటగట్టమని. మొదటి దారిలో మీరు నష్టపోతారు, రెండో దారిలో కొన్నవాడు నష్టపోయి మీ ఇంటి ముందుకొస్తాడు. నిజం చెప్పి అమ్మినా ఈ బండికి మంచి ధర వస్తుంది. ఎందుకంటే తెలిసి కొనేవాడు ముందు సి-బుక్ (రిజిస్ట్రేషన్ పుస్తకం) చూస్తాడు, తర్వాత ఛాసిస్, ఆ తర్వాత గేర్‌బాక్సు, హౌసింగులు (ముందు వెనక ఇరుసుల పెట్టెలు). ఇంజన్ సంగతి అన్నిటికంటే ఆఖరున. మీ శ్రమ కూడా అదే వరసలో పెట్టండి.

ముందు సి-బుక్ బయటికి తీయండి

మెకానిక్‌ని పిలిచేలోపే ఈ పని చేయాలి. సి-బుక్‌లో నాలుగు సంగతులు చూడండి: ఎవరి పేరు మీద ఉంది, ఇంధనం అన్నచోట ఏమని రాసుంది, ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఏమిటి, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది.

పేరు తాతదో నాన్నదో అయ్యుండి వాళ్లు ఇప్పుడు లేకపోతే, బండి ముందు వారసుల పేరు మీదికి రావాలి. దానికి ఫారం 31. మిగతా వారసుల అంగీకార పత్రాలు సంపాదించడానికి కొన్ని ఇళ్లలో నెలలు పడుతుంది కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. సి-బుక్ మీద ఎప్పటిదో ఫైనాన్స్ ముద్ర ఉంటే, అప్పు తీరి ఇరవై ఏళ్లయినా సరే, ఫారం 35తో దాన్ని కొట్టేయించాలి. ఆ ఫైనాన్స్ సంస్థే ఇప్పుడు లేదంటే ఏం కావాలో రవాణా కార్యాలయంలో ముందే అడిగి పెట్టుకోండి. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరున్న బండి అయితే, దాని వివరాలు కంప్యూటరులోకి ఎక్కాయో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోండి. ఎక్కకపోతే పేరు మార్పిడి ముందుకు సాగదు. ఆర్మీ వేలంలో కొన్న డిస్పోజల్ జీపుకైతే ఆ వేలం కాగితం కూడా వెతకండి. చేతిరాత సి-బుక్‌లో ఏదైనా అనుమానం వచ్చినప్పుడు ఆ కాగితమే ఆదుకుంటుంది.

ఇక అసలు చిక్కు ఇంధనం దగ్గర. బండిలో ఉన్నది డీజిల్ ఇంజన్, సి-బుక్‌లో ఉన్నది పెట్రోలు. ఇలాంటి బండ్లలో సగం బేరాలు ఇక్కడే చెడతాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అదే తయారీ, అదే రకం ఇంజన్ అయితే రిజిస్టరింగ్ అధికారి ఆమోదంతో మార్చుకోవచ్చు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే అన్వయించింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి మీ బండి ఈ మూడింటిలో ఏ రకమో తేల్చుకోండి.

సి-బుక్‌లో డీజిల్ అని ఎక్కి, ఇంజన్ నంబరు కూడా కలిస్తే మీ బండి ఖరీదైన సరుకు. పాత రోజుల్లో చాలామంది ఇంజన్ మార్చి, ఆమోదం తెచ్చుకుని సి-బుక్‌లో రాయించుకున్నారు. ఆ ఎంట్రీ ఉన్న పేజీని ప్రకటనలో మొదటి ఫొటోగా పెట్టండి, నంబర్లు మాత్రం సగం కప్పండి.

డీజిల్ అని ఎక్కినా ఇంజన్ నంబరు వేరే ఉంటే, తర్వాత ఎవరో ఇంకో ఇంజన్ మార్చారన్నమాట. ఆ ఇంజన్ కొన్న బిల్లు, అది ఏ బండి లోంచి వచ్చిందో ఆ బండి కాగితం దొరికితే కొనేవాడు నిబ్బరంగా ఉంటాడు. దొరకకపోతే లేదనే చెప్పాలి. దొంగబండి ఇంజన్ అయ్యుంటే ఆ తలనొప్పి మీ ఇద్దరికీ అంటుకుంటుంది.

సి-బుక్‌లో ఇంకా పెట్రోలే ఉంటే, ఇంజన్ పోవడం మీకు ఒక రకంగా మేలే. పోయిన డీజిల్ ఇంజన్‌ను దింపించి విడిగా అమ్మేయండి. ఇంజన్ లేని పెట్రోలు జీపుగా బండిని అమ్మండి. పాత జీపుల్ని అసలు రూపానికి తెచ్చేవాళ్లు వెతికేది సరిగ్గా అలాంటి బండినే, డీజిల్ ఇంజన్ ఎలాగూ వాళ్లకు అక్కర్లేదు. ఆనాడు దించిన హరికేన్ ఇంజన్ గానీ, కనీసం దాని బెల్ హౌసింగ్, ఫ్లైవీల్, మానిఫోల్డ్, కార్బురేటర్ గానీ అటక మీద ఉన్నాయేమో చూడండి. ఆ సామాను బండితో కలిపి ఇస్తే బేరం మొత్తం మారిపోతుంది.

రిజిస్ట్రేషన్ గడువు కూడా ఇప్పుడే చూసుకోవాలి. సొంత బండికి మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరణ. దానికి బండిని అధికారి ముందు నిలబెట్టాలి, కదలని బండి అందులో నెగ్గదు. ఇంకా రెండు మూడేళ్ల గడువున్న జీపునూ, గడువు తీరిన జీపునూ కొనేవాడు ఒక ధరకు అడగడు. గడువు నాలుగు నెలల్లో తీరుతుందంటే ఈలోపే అమ్మడానికి తొందరపడండి. గ్రీన్ టాక్సు, పాత చలానాలు ఏమైనా ఉంటే కట్టేయండి. బేరం మధ్యలో అవి బయటపడితే అసలు బకాయి కంటే ఎక్కువే కోత పెడతారు.

ఇంజన్‌కి ఏమైందో తెలుసుకోండి, కానీ పూర్తిగా విప్పకండి

‘ఇంజన్ పోయింది’ అన్న మాటకు అర్థం చాలా రకాలు. కొనేవాడు అన్నిటికంటే దారుణమైనదే ఊహించుకుని ధర చెబుతాడు. జబ్బు పేరు మీరు చెప్పగలిగితే ఆ ఊహ ఆగుతుంది.

మొదటి మాట, సెల్ఫ్ కొట్టి చూడకండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ నట్టుకు పొడుగు పానా వేసి చేత్తో తిప్పండి. తిరగకపోతే వెంటనే ఇంజన్ జామ్ అనుకోనక్కర్లేదు. సెల్ఫ్ మోటారు పళ్లు ఫ్లైవీల్ రింగులో ఇరుక్కున్నా ఇలాగే బిగుసుకుంటుంది. అందుకే ముందు సెల్ఫ్ మోటారు విప్పి మళ్లీ తిప్పండి. ఈ ఒక్క పనితో బతికిన ఇంజన్లు ఉన్నాయి.

అప్పటికీ తిరగకపోతే నాజిళ్లు (సిలిండరులోకి డీజిల్ చిమ్మేవి) తీసేసి ప్రయత్నించండి. నాజిళ్లు తీయగానే తిరిగి, రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మితే సిలిండర్లలోకి నీరు చేరిందని అర్థం. వాగు దాటేటప్పుడు ఎయిర్ క్లీనర్ గుండా నీళ్లు మింగిన బండ్లకు ఇలా జరుగుతుంది. గాలిలా నీరు అణగదు కాబట్టి ఆ దెబ్బకు కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చు. నాజిళ్లు తీసినా కదలకపోతే, ఒక్కో సిలిండరులో కొంచెం డీజిలూ ఆయిలూ కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. ఏళ్లతరబడి నిలబడి తుప్పు పట్టిన పిస్టన్ అయితే మర్నాటికి వదిలే అవకాశం ఉంది. వేడెక్కి పట్టేసిన పిస్టన్ గానీ, బేరింగు కరిగి పట్టిన క్రాంక్ గానీ అంత సులువుగా లొంగవు.

తర్వాత ఆయిలు చూడండి. డిప్‌స్టిక్‌కు పాలు కలిసిన టీ రంగులో అంటుకుంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి: హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండాలి, లేదా హెడ్డు పగిలి ఉండాలి. కొంచెం ఆయిలు తెల్లగుడ్డ మీదికి వడకట్టండి. మెరిసే రజను కనబడితే అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకుండా మెరుస్తుంటే చాలావరకు బేరింగు లోహం. చివరగా టార్చి లైటుతో బ్లాకు చుట్టూ, ముఖ్యంగా సెల్ఫ్ మోటారు వెనక వైపు చూడండి. రాడ్డు విరిగి బ్లాకును చీల్చుకుని వచ్చి ఉంటే ఆ ఇంజన్‌కి తూకం ధరే మిగులుతుంది.

మార్చిన ఇంజన్లు ఎందుకు పోతాయో తెలిస్తే కొనేవాడి ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలరు. చాలాసార్లు కారణం ఇంజన్‌లో ఉండదు, ఎక్కించిన తీరులో ఉంటుంది. పెట్రోలు ఇంజన్ కోసం పెట్టిన పాత రేడియేటరే ఉంచేస్తే ఘాట్ రోడ్డులో వేడి ఆగదు. సీజే 3బీ హౌసింగుల్లో క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు 5.38 సార్లు తిరగాలి. పెట్రోలు ఇంజన్‌కి అది సరిపోయింది కానీ, తక్కువ వేగంలో తిరగాల్సిన పాతకాలం డీజిల్ ఇంజన్‌తో హైవే మీద లాగితే ఇంజన్ గుక్క తిప్పుకోకుండా తిరుగుతూనే ఉంటుంది. గేర్‌బాక్సుకీ ఇంజన్‌కీ మధ్య లేతులో చేయించిన ప్లేటు కాస్త పక్కకు జరిగినా క్లచ్చూ, పైలట్ బేరింగూ వరసగా పోతాయి. మీ బండిలో వీటిలో ఏది జరిగిందో తెలిస్తే దాచకండి. కారణం తెలిసిన లోపాన్ని సరిదిద్దుకోవచ్చని కొనేవాడికీ తెలుసు.

ఇవన్నీ చూశాక నమ్మకమైన మెకానిక్ చేత ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. హెడ్డు విప్పడం దాకా పరవాలేదు. అంతకుమించి విప్పితే సామాను గోనెసంచుల్లోకి పోతుంది, నట్లు మాయమవుతాయి. అలా విప్పి పడేసిన ఇంజన్‌ను ఎవరూ నమ్మరు.

బాగు చేయించి అమ్మాలా?

చాలావరకు వద్దనే అంటాను. బోరు, స్లీవులు, పిస్టన్లు, క్రాంక్ గ్రైండింగు, బేరింగులు, హెడ్డు పని, పంపు నాజిళ్ల కాలిబ్రేషన్, ఇవన్నీ చేయించాక పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రావడం అరుదు. పైగా కొత్తగా బోరు చేసిన ఇంజన్‌కి మీరు మాట ఇవ్వాల్సి వస్తుంది. నెల తిరక్కుండా అది పొగ కొడితే మాట పోయేది మీదే. సెల్ఫ్ మోటారు, హెడ్ గ్యాస్కెట్, డీజిల్ పంపు వరకే లోపం అని తేలితే మాత్రం చేయించండి. స్టార్టయి తనంతట తాను కదిలే జీపుకు వచ్చే ధర వేరు.

ఆ డబ్బులో కొద్దిగా బండి చక్రాల మీద కదిలేలా చేయడానికి పెట్టండి. టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకు డ్రమ్ములు వదిలించడం, స్టీరింగు తిరగడం, ఇవి చాలు. పెయింటు వేయించకండి. కొత్త రంగు కింద ఏం దాచారోనని జీపుల సంగతి తెలిసినవాడు ముందు అనుమానిస్తాడు.

ధర కట్టడం

రెండు లెక్కలు వేయండి. ఒకటి పైనుంచి: మీ జిల్లాలో ఇలాంటి జీపే నడుస్తున్న స్థితిలో ఎంతకు పోతోందో నలుగురిని అడగండి, అందులోంచి కొనేవాడు ఇంజన్‌కి పెట్టాల్సిన ఖర్చు తీసేయండి, తెలియని రిస్కుకని ఇంకొంచెం తీయండి. రెండోది కిందినుంచి: బండిని ముక్కలుగా అమ్మితే ఏది ఎంత పలుకుతుందో కూడండి. టీ-90 గేర్‌బాక్సు, ఫోర్‌వీల్ గేర్ల ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక హౌసింగులు, స్టీరింగు బాక్సు, బానెట్, అద్దం ఫ్రేము, గ్రిల్లు, వెనక తలుపు, కంపెనీ పేరు ప్లేట్లు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ పాత సామాన్ల కొట్లు రెండు మూడు తిరిగితే ఈ లెక్క మధ్యాహ్నానికి తేలిపోతుంది. మీ ధర ఈ రెండు లెక్కల మధ్య ఉంటుంది. రెండో లెక్క కంటే కిందికి మాత్రం ఎవరడిగినా దిగకండి.

ప్రకటనలో ఏం రాయాలి

మొదటి వాక్యంలోనే లోపం చెప్పండి. అలా చెబితే ఊరికే కాలక్షేపానికి ఫోన్ చేసేవాళ్లు తగ్గుతారు, తెలిసినవాళ్లు మిగులుతారు. ఇలా రాయొచ్చు:

‘సీజే 3బీ హైబానెట్ జీపు. ప్యుజో డీజిల్ ఇంజన్, సి-బుక్‌లో డీజిల్ ఎక్కింది, నంబరు కలుస్తుంది. ఇంజన్ జామ్, ఆయిల్లో నీళ్లు ఉన్నాయి, హెడ్డు విప్పలేదు. గేర్‌బాక్సు, ఫోర్‌వీల్ గేర్లు ఇంజన్ పోకముందు బాగా పనిచేశాయి. ఛాసిస్‌కి ఎడమవైపు ఇంజన్ మౌంటింగు దగ్గర ఒక వెల్డింగు ఉంది. రిజిస్ట్రేషన్ గడువు ఉంది. బండి కదలదు, లోడు చేసుకుని తీసుకెళ్లాలి.’

మీ బండిలో నిజమైనవే రాయండి. తెలిసి లోపం కప్పిపెట్టడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసమే అవుతుంది, ‘ఉన్నది ఉన్నట్టు’ అని రాసుకున్నంత మాత్రాన అది తుడిచిపెట్టుకుపోదు.

ఫొటోలు పొద్దున్న వెలుతురులో తీయండి. నాలుగు వైపులా ఒక్కొక్కటి తీశాక కిందికి వంగండి: ఛాసిస్ కమ్మీలు, కమాన్ కట్టల బిగింపులు, ఇంజన్ మౌంటింగులు, ఫ్లోరులో తుప్పు. బరువైన డీజిల్ ఇంజన్ మోసిన ఛాసిస్ మౌంటింగుల దగ్గర చిట్లుతుంది, కొనేవాడు మొదట వెతికేదీ అక్కడే. ఛాసిస్ నంబరు చెక్కిన చోటును కిరసనాయిలు గుడ్డతో తుడవండి. గ్రైండరు, ఉప్పుకాగితం దాని దగ్గరకు కూడా తేవద్దు, అంకెలు అరిగితే ట్యాంపరింగ్ అంటారు. పేరు మార్పిడి ఫారాలకు పెన్సిల్ ప్రింటు తీసేది ఆ అంకెల మీదే.

కొనేవాళ్లు వచ్చినప్పుడు

వచ్చేవాళ్లు రకరకాలు. ఏజెన్సీ మండలాల్లో బండ్లు తిప్పేవాళ్లకు వేరే డీజిల్ ఇంజన్ అప్పటికే చేతిలో ఉంటుంది. వాళ్లు ఛాసిస్, హౌసింగులు చూసి త్వరగా తేల్చేస్తారు. పాత జీపుల ఇష్టులు నిదానంగా చూస్తారు, ప్లేట్లు, బానెట్ క్లిప్పులు, సీటు ఫ్రేములు అసలువా కాదా అని అడుగుతారు. మంచి ధర ఇచ్చేది వీళ్లే, ఓపిక పట్టండి. సామాన్ల వ్యాపారి వచ్చి బండి మొత్తానికి ఒక్క మాట చెబుతాడు. అది మీ రెండో లెక్కకు దగ్గరగా ఉంటే ఆలోచించండి.

చూడకుండానే ధర ఒప్పుకుని ‘నేను ఆర్మీలో ఉన్నాను, అడ్వాన్సు పంపుతా, క్యూఆర్ స్కాన్ చేయండి’ అనేవాడితో మాట పొడిగించకండి. డబ్బు రావడానికి స్కానూ పిన్నూ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

డబ్బు, సంతకాలు, అప్పగింత

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే లావాదేవీలో రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. కొనేవాడు వేరే రాష్ట్రంవాడైతే ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఆంధ్ర బండి తెలంగాణకు వెళ్లినా, అక్కడిది ఇక్కడికి వచ్చినా ఇదే వర్తిస్తుంది. బ్రోకరు ‘అన్నా, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చెయ్, మిగతాది నేను చూసుకుంటా’ అంటాడు. ఇవ్వకండి. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం పెట్టండి, అతని ఆధార్ కాపీ మీదా సంతకం తీసుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం, బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్ రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో యజమాని వాళ్లే. మీరు తూకం ధరకు ఇచ్చిన జీపు కొత్త ఇంజన్‌తో మళ్లీ రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే, నోటీసు మీ గుమ్మానికే వస్తుంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికైతే 45 రోజుల్లో అమ్మినవాడు రవాణా అధికారికి తెలియజేయాలి. కొన్నవాడికి 30 రోజుల గడువు.

థర్డ్ పార్టీ బీమా లేకుండా పేరు మార్పిడి ముందుకు పోదు కనుక, నడవని బండికైనా అది ఉండేలా చూసుకోండి. 157వ సెక్షన్ కింద బండితో పాటు బీమా కూడా కొన్నవాడికి మారినట్టే లెక్క, అతను 14 రోజుల్లో కంపెనీకి చెప్పుకోవాలి.

అప్పగింత కాగితం రెండు కాపీలు రాయండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంజన్ స్థితి, ఛాసిస్ మీద వెల్డింగులు, ఇచ్చిన విడి సామాను, ముట్టిన డబ్బు, తేదీ రాసి అప్పగించిన గంట కూడా వేయండి. మెకానిక్ రాసిన కాగితాన్ని దానికి జతచేసి, చూసినట్టు కొనేవాడి సంతకం తీసుకోండి.

బండిని తాడు కట్టి లాక్కెళ్తామంటే ఒప్పుకోకండి, లోడు చేసుకోమనండి. డీజిల్ ఇంజన్‌కి మార్చినప్పుడు బ్రేకు బూస్టరు పెట్టించి ఉంటే, దానికి గాలి లాగే వాక్యూమ్ పంపు తిరిగేది ఇంజన్‌తోనే. ఇంజన్ ఆగితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. తప్పనిసరై కొద్ది దూరం లాగాల్సి వస్తే ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టించి, స్టీరింగు దగ్గర అనుభవమున్న మనిషిని కూర్చోబెట్టి, నడక వేగంతోనే పోనివ్వండి.

కొనేవాడు బండిని విప్పి సామానుగా అమ్ముకుంటాడని తెలిస్తే పేరు మార్పిడి దారి కాదు. రిజిస్ట్రేషన్‌ను 55వ సెక్షన్ కింద రద్దు చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే విప్పనివ్వండి. నమోదైన స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే వాళ్లు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని భద్రంగా దాచుకోండి.

నెల గడిచాక బండి నంబరు కొట్టి పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. మారకపోతే కొన్నవాడికి ఒకసారి ఫోన్ చేయండి. అప్పటికీ కదలిక లేకపోతే అప్పగింత కాగితం కాపీ, ఫారం 29 కాపీ జతచేసి రవాణా కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు సి-బుక్ జిరాక్సుతో కలిపి ఫైల్లో పెట్టండి.